గట్టు దాకా కాపలా

2021 అక్టోబరు నుంచి 2022 ఫిబ్రవరి ఆఖరు దాకా నేను పక్షులకి కాపలా కాశాను. రెజ్యూమెలో ఆ ఐదు నెలల దగ్గర ‘ఫీల్డ్ అసిస్టెంట్’ అని రాసుకున్నాను. ఊళ్లో ఎవరడిగినా నాన్న మాత్రం “మావాడు పిట్టల కాపలాకి పోతన్నాడు” అని చెప్పేవాడు. ఆ మాటలో కొంచెం వెటకారం, దానికంటే ఎక్కువగా దిగులు ఉండేవి. కరోనా రెండో వేవ్‌లో హైదరాబాద్‌లో ఉన్న ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చి ఖాళీగా కూర్చున్నప్పుడు స్నేహితుడొకడు, ఒక సంస్థ తరఫున సీజన్ పని ఉంది, నెలకి తొమ్మిది వేలు, ఆదివారం సెలవు అని చెప్పాడు. అలా ఉప్పలపాడు వెళ్లాను.

ఉప్పలపాడు గుంటూరు పక్కనే, పెదకాకాని మండలంలో ఉంటుంది. అభయారణ్యం అన్న మాట విని అడవిని ఊహించుకుని వెళ్తే నిరాశే. అది ఊరి చెరువు. నీళ్ల మధ్యలో మట్టి దిబ్బలు, దిబ్బల మీద తుమ్మచెట్లు, ఆ చెట్లు చాలక పక్షుల కోసం నిలబెట్టిన ఇనుప స్టాండ్లు. ఈ స్టాండ్ల సంగతి మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఏళ్ల తరబడి రెట్ట పడీ పడీ చెట్లు మాడిపోతాయట. పక్షి తను గూడు కట్టుకున్న చెట్టునే మెల్లగా చంపుకుంటుంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్లకంకణాలు, అన్నీ ఒకే కొమ్మ మీద అపార్ట్‌మెంట్‌లోలాగా అంతస్తుల వారీగా ఉంటాయి. వాసన సంగతి చెప్పక్కర్లేదు. మొదటి వారం అన్నం సయించలేదు, రెండో వారానికి వాసన ఉందన్న సంగతే మర్చిపోయాను.

పని ఏంటంటే, పొద్దున్నా సాయంత్రం గూళ్లు లెక్కపెట్టి పుస్తకంలో రాయడం. రాళ్లు వేసే పిల్లల్ని, డ్రోన్ ఎగరేద్దామని వచ్చే పెళ్లి ఫొటోగ్రాఫర్లని ఆపడం. కుక్కల్ని తరమడం. రాత్రి టార్చి వేసుకుని గట్టు చుట్టూ ఒక తిరుగుడు. గట్టు దాటి అవతల ఏం జరిగినా అది నా డ్యూటీ కాదు. ఈ మాట నాతో మొదటి రోజే చెప్పారు, చాలా మామూలుగా. చాలా రోజులు నేనూ మామూలుగానే తీసుకున్నాను.

మా ఇంట్లో కాపలా కొత్త కాదు. నాన్న వాళ్ల అన్న, మా పెదనాన్న, వయసులో ఉన్నప్పుడు జొన్నచేలో మంచె మీద కాపలా ఉండేవాడు. చేతిలో వడిసెల, నడుముకి గులకరాళ్ల మూట. కంకి పాలు పోసుకున్న దగ్గర్నుంచి కోతల దాకా పొద్దు పొడవక ముందే మంచె ఎక్కి, అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేవాడట. నేను ఉప్పలపాడు పని గురించి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి “అయితే రాళ్లు వేసేవాళ్ల మీద నువ్వు రాళ్లేస్తావా?” అని అడిగాడు. నవ్వాను గానీ ఆ ప్రశ్న నవ్వుకునేది కాదు. ఆయన కాపలా ఎందుకు కాశాడో ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు. పిట్ట తింటే పిల్లలకి తిండి ఉండదు, అంతే. నా కాపలాకి కారణం అంత తేలిగ్గా చెప్పడం నాకు రాలేదు. అది ఎవరి కోసం? పక్షి కోసమా, ఊరి కోసమా, చూడ్డానికొచ్చే వాళ్ల కోసమా, తొమ్మిది వేల కోసమా?

ఇలాంటి ఊళ్లు మన వైపు కొత్తగా పుట్టినవి కావు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ 1864 నాటి పక్షుల పుస్తకంలో, కర్ణాటక ప్రాంతంలో ఒక ఊరి నడుమ చెట్ల మీద గూడబాతులు తరతరాలుగా గూళ్లు కడుతున్న చోటు గురించి రాశాడు. మనుషులు కింద తిరుగుతున్నా వాటికి పట్టింపు లేదన్నాడు. మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరులో ఊరివాళ్లు ఈ పక్షుల్ని పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లలు అనుకుంటారు. తమిళనాడు శివగంగ జిల్లాలో వేట్టంగుడి చెరువు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దీపావళికి టపాసులు కాల్చరు. పండగపూట పిల్లల్ని ఆపడం ఎంత కష్టమో ఆలోచిస్తే అది చిన్న విషయం కాదు. ఈ ఊళ్లన్నిట్లోనూ కాపలావాడు అన్న ఉద్యోగం లేకముందే కాపలా ఉంది. జీతం వచ్చాక నాలాంటివాడు వచ్చాడు.

జీతానికి చేసే పనిలో ప్రేమ ఉండదని నేననను. ఆస్పత్రిలో నర్సుని చూసినవాడెవడూ ఆ మాట అనలేడు. నన్ను ఇబ్బంది పెట్టింది జీతం కాదు, జీతంతో పాటు వచ్చే సరిహద్దు. పురిటికొచ్చిన పిల్ల అనుకుంటే ఆ అనుబంధం ఎక్కడ ఆగుతుందో ఎవరూ గీత గీయరు. ఉద్యోగం అనగానే గీత ఉంటుంది. ఎన్ని గంటల దాకా, ఏ గట్టు దాకా, ఏది ముట్టుకోవచ్చు, ఏది కూడదు.

డిసెంబరు రెండో వారంలో ఒక గూడబాతు పిల్ల గూట్లోంచి పడింది. ఒళ్లంతా తెల్లటి నూగు, ఇంకా ఈకలు రాలేదు. నీళ్లలో పడి, గుర్రపుడెక్కలో చిక్కుకుని, ఎలాగో గట్టు వారకి కొట్టుకొచ్చింది. నోరు తెరిచి మెడ అటూ ఇటూ తిప్పుతోంది. నేను ఫోన్ చేశాను. ముట్టుకోవద్దు, రికార్డులో రాయి అన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. నేను ఆ దిబ్బకి ఈదుకుంటూ వెళ్లి చెట్టెక్కితే కాలనీ మొత్తం ఒక్కసారిగా లేస్తుంది. తల్లులు లేచిన ఆ పది నిమిషాల్లో కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి, ఎండకి చిన్నపిల్లలు వాడిపోతాయి, కంగారులో ఇంకో నాలుగు కింద పడతాయి. పైగా గూడబాతు మూడు నాలుగు గుడ్లు పెట్టినా అన్నీ పెద్దవవు. ముందు పొదిగినది మేతంతా లాక్కుంటుంది, వెనక పుట్టినది బక్కచిక్కి పోతుంది. ఈ పిల్ల పడిపోయిందంటే బహుశా అన్నో అక్కో తోసేసి ఉండొచ్చు. ప్రకృతి లెక్కలో అది ఎప్పుడో తీసివేత.

ఈ లెక్క నాకు పుస్తకాల్లో తెలిసిందే. ఆల్డో లియోపోల్డ్ చనిపోయాక 1949లో వచ్చిన ఆయన పుస్తకంలో నేలని, నీళ్లని, చెట్లని, జంతువుల్ని అన్నిటినీ కలిపి ఒక సమాజంగా చూడమన్నాడు. ఆ మొత్తానికి మేలు చేసేది మంచి, కీడు చేసేది చెడు. టామ్ రీగన్ 1980ల్లో దీనికి ఎదురు తిరిగి, మొత్తం కోసం ఒక్కో ప్రాణాన్ని పక్కన పెట్టడం ఫాసిజం అనేంత దూరం వెళ్లాడు. క్లాసులో ఈ ఇద్దరిలో ఎవరు రైటని అడిగితే నేను లియోపోల్డ్ వైపు చెయ్యెత్తేవాణ్ణి. గట్టు మీద ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నప్పుడు మాత్రం చెయ్యి ఎటూ లేవలేదు.

గట్టు పక్క ఇంట్లో ఒక మామ్మ ఉండేది. గేదెని కట్టేయడానికి వచ్చి చూసింది.

“ఏంది నాయనా, అట్టా చూస్తా కూర్చున్నావ్? దానికింత చేపముక్క వెయ్యకూడదా?”

“ముట్టుకోకూడదంట మామ్మా. రూలు.”

“మరి నువ్వు కాపలా ఉండేది దేనికయ్యా?”

సమాధానం కోసం ఆగలేదు. ఇంట్లోంచి కోళ్లగంప తెచ్చి, కుక్కలు పట్టకుండా ఆ పిల్ల మీద బోర్లించింది. గంప మీద ఒక రాయి పెట్టి వెళ్లిపోయింది. సాయంత్రం ఎవరూ చూడకుండా నేను రెండు చేపపిల్లలు గంప సందులోంచి వేశాను. అది తినలేదు. తల్లి గొంతు సంచిలో తలపెట్టి తినడం అలవాటైన పిల్లకి నేలమీద పడేసిన చేప మేతలా కనపడదని నాకు అప్పుడు తట్టలేదు. మర్నాడు మధ్యాహ్నానికి చచ్చిపోయింది. మామ్మ వచ్చి గంప దులుపుకుని తీసుకెళ్లింది, ఒక్క మాట అనలేదు. నేను పుస్తకంలో రాశాను: ‘గూడబాతు పిల్ల, 1, మృతి, కారణం సహజం.’

కొక్కరెబెళ్లూరులో పడిపోయిన పిల్లల్ని పెట్టి సాకడానికి ఒక ఆవరణ ఉందని నాకు తెలుసు. ఊరివాళ్లూ పక్షి ప్రేమికులూ కలిసి చేసుకున్న ఏర్పాటు అది. అంటే రూలు అన్నిచోట్లా ఒకటే కాదు. చెట్టెక్కకపోవడం వేరు, గట్టు మీదకి వచ్చిన దాన్ని చూస్తూ ఉండటం వేరు. ఈ రెండిటినీ నేను ఒకే రూలు కింద దాచేసుకున్నాను. మామ్మ అడిగిన ప్రశ్నలో ఉన్నది అదే అనుకుంటా.

కానీ నేను ఇది రాయడానికి కూర్చున్నది ఆ పిల్ల కోసం కాదు. ‘సహజం’ అన్న మాట కోసం. ఆ మాట రాసిన చెయ్యి ఆదివారాలు ఏం చేస్తోందో చెప్పాలి.

మా ఊరు చిలకలూరిపేట అవతల. సొంతది ఎకరం, కౌలు రెండెకరాలు, మూడింట్లోనూ మిరప, తేజ రకం. మిరప ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటుతారు, జనవరి నుంచి కోతలు. సరిగ్గా పక్షులు గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపే నెలలే మిరపకి మందు కొట్టే నెలలు. ఈ రెండు క్యాలెండర్లూ ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు ఉంటాయని ఆ ఏడాదే గమనించాను. పైగా అది నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది. గుంటూరు జిల్లాలో ఆ పేరు తలిస్తే ఇప్పటికీ మాట ఆగిపోతుంది. పూత లోపల చేరి రసం పీల్చేసేది, పూలన్నీ రాలిపోయేవి. ఏ మందూ పని చేయలేదు. నీలం రంగు జిగురు అట్టలు కట్టాం. షాపువాడు ఏ డబ్బా ఇస్తే అది కొట్టాం. వారానికొకటి, తర్వాత మూడు రోజులకొకటి, తర్వాత రెండు కలిపి. ఆదివారం పొద్దున్నే నేను తైవాన్ పంపు పైపు లాగేవాణ్ణి, నాన్న కొట్టేవాడు. అయిపోయాక డ్రమ్ము, పైపు కాలువలో కడిగేవాణ్ణి. సాగర్ కుడి కాలువ నుంచి వచ్చే పిల్లకాలువ అది. చిన్నప్పట్నుంచీ అక్కడే కడిగేవాళ్లం, ఊరంతా అక్కడే కడిగేది.

జనవరి మొదట్లో ఒక ఆదివారం కడుగుతుంటే, కాలువలో ఒక యాభై గజాల కింద ఎర్రకాళ్ల కొంగలు నాలుగు దిగాయి. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి, ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి, ఒక కాలితో బురద కదిలిస్తూ చేప తగిలితే టక్కున మూస్తున్నాయి. నా చేతిలో డ్రమ్ములోంచి తెల్లటి నురగ కాలువలోకి జారి అటే పోతోంది. డబ్బా మీద త్రికోణంలో పసుపు రంగు. నురగ వాటి కాళ్ల దాకా వెళ్లడం నేను చూశాను.

అవి ఉప్పలపాడు కొంగలో కాదో చెప్పలేను, కాళ్ల మీద ఊరిపేరు రాసి ఉండదు. గూడబాతులు మేతకి పదుల కిలోమీటర్లు పోతాయి. ఏ కాలనీ పక్షి ఏ కాలువలో తింటుందో గట్టు మీద కూర్చున్న కాపలావాడికి తెలియదు. వాడి లెక్క గూళ్ల దగ్గరే ఆగుతుంది. శనివారం సాయంత్రం దాకా నేను కాపాడినదాన్ని ఆదివారం పొద్దున నేనే, అదే చేత్తో... ఈ వాక్యం పూర్తి చేయడం అప్పుడూ చేతకాలేదు.

గూళ్లని ఎంత బాగా కాసినా చాలని సందర్భాలు ప్రపంచంలో ఉన్నాయి. కాలిఫోర్నియా తీరానికి దగ్గర్లో అనకాపా అనే దీవి ఉంది. గోధుమరంగు గూడబాతులు అక్కడ గూళ్లు కడతాయి. 1970లో ఆ దీవి మీద 550కి పైగా గూళ్లు కట్టాయి. బతికి బట్టకట్టిన పిల్ల ఒక్కటి. ఎవరూ వేటాడలేదు, గుడ్లు దొంగిలించలేదు. లాస్ ఏంజెలెస్‌లో డీడీటీ తయారుచేసే ఫ్యాక్టరీ వ్యర్థాలు మురుగుకాలువల గుండా సముద్రంలోకి, అక్కణ్ణుంచి చేపల్లోకి, చేపల నుంచి పక్షుల్లోకి చేరాయి. గుడ్డు పెంకు పల్చబడింది. గూడబాతు మిగతా పక్షుల్లాగా రొమ్ము కింద పెట్టుకుని పొదగదు, తన వెడల్పాటి జాలపాదాల కింద గుడ్డుని వెచ్చగా ఉంచుతుంది. పల్చబడిన గుడ్లు ఆ పాదాల కింద నలిగిపోయాయి. ఆ దీవి మీద కాపలావాడెవడైనా ఉండి రాత్రీ పగలూ కాసినా, పుస్తకంలో ఏం రాసేవాడు? కారణం: తల్లి? అమెరికా 1972లో డీడీటీని ఆపేశాక కానీ అవి మళ్లీ లేవలేదు.

అంతదూరం ఎందుకు, కొల్లేరు ఉంది. 1946లో కె.కె. నీలకంఠన్ కొల్లేరు దగ్గర గూడబాతుల కాలనీ ఒకటి చూసి రాశాడు. దాదాపు మూడు వేల పక్షులు. 1970ల నడిమికల్లా అది ఖాళీ అయిపోయింది. చేపల వేట, సాగు పెరిగి సరస్సు మారిపోవడమే కారణం అయి ఉండొచ్చంటారు. ఎవరూ గూళ్లు పడగొట్టలేదు, తినడానికి ఉన్న చోటు మారిపోయింది.

ఉప్పలపాడులో అనకాపాలాంటిది జరుగుతోందని నేను అనడం లేదు. నేను అడుగుతున్నది వేరే. కాపాడతాను అని మాట ఇచ్చినవాడి బాధ్యత ఎక్కడిదాకా? చెయ్యి అందినంత దూరమా, చెయ్యి చేసిన పని చేరినంత దూరమా? మొదటిదైతే నేను నిజాయితీగా పని చేశాను. రెండోదైతే నాన్న మీద నేనే కేసు పెట్టాలి.

ఇక్కడే నాకు కోపం వచ్చే మాట ఒకటుంది. హైదరాబాద్‌లో స్నేహితులకి ఈ కొంగల సంగతి చెప్పినప్పుడు “అసలు మీ రైతులకి అవేర్‌నెస్ లేదు” అన్నారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 1987, 88ల్లో పత్తి మీద తెల్లదోమ పడినప్పుడు, కొట్టిన మందుకి పురుగు చావలేదు, అప్పులు తీర్చలేక రైతులు చచ్చిపోయారు. ఆ కథలు వింటూ పెరిగిన ఇంట్లో పురుగుమందు అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. నాన్న మందు కొట్టొచ్చాక రెండుసార్లు స్నానం చేసేదాకా మా అక్క కొడుకుని ఎత్తుకోడు. ఆయనకి తెలియనిదేమీ లేదు. తెలిసినా చేయక తప్పని స్థితిలో ఉన్న మనిషికి ఇంకొంచెం తెలియజెప్పడం నీతి కాదు, ఊరికే దెప్పడం.

మా జిల్లావాళ్లకి ఈ ప్రశ్న పాతదే. నరసరావుపేట వైపు చేజర్లలో కపోతేశ్వరస్వామి గుడి ఉంది. ఏనుగు వీపు ఆకారంలో కట్టిన ఆ గుడి ఒకప్పుడు బౌద్ధచైత్యం. అక్కడి స్థలపురాణం శిబి చక్రవర్తి కథ. డేగ తరిమితే పావురం వచ్చి శిబి ఒళ్లో పడింది. అభయమిచ్చాడు. లింగం మీద ఉన్న గుంటలు ఆయన మాంసం కోసిచ్చిన చోట్లని చెప్తారు. చిన్నప్పుడు స్కూలు నుంచి తీసుకెళ్లినప్పుడు నాకు కథలో పావురమే కనపడింది. ఈసారి వెళ్తే డేగ కనపడింది. డేగ వచ్చి రాజుతో గొడవేం పెట్టుకోదు, వాదిస్తుంది. నువ్వు దాన్ని కాపాడితే నేనూ నా పెళ్లాం పిల్లలూ ఆకలితో చస్తాం, ఇదేం ధర్మం అని అడుగుతుంది. శిబి ఆ మాటని కొట్టిపారేయడు. డేగకి అవేర్‌నెస్ లేదని అనడు. తక్కెడ తెప్పిస్తాడు. తక్కెడలో వేసింది తన తొడ.

కాపాడటం గురించి నాకు తెలిసినంతలో ఇంతకంటే కఠినమైన కథ లేదు. అభయం ఇచ్చినవాడే ఖర్చు భరించాలి. మన కాలంలో అభయం ఒకరిస్తారు, మాంసం ఇంకొకరిది కోస్తారు. కొల్లేరుని 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ పని అవసరం లేదని నేననను. చెరువుల వెనక పెద్ద పెట్టుబడులూ ఉన్నాయి. కానీ ఆ గట్ల మీద కూలికి బతికినవాడి తొడ కూడా తక్కెడలో పడింది, వాణ్ణి అడిగినవాళ్లు లేరు.

డేగ చెప్పేది ప్రతిసారీ నిజమని కూడా కాదు. ఫ్లోరిడాలో పెలికన్ ఐలాండ్ అని ఒక చిన్న దీవి ఉంది. 1903లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దాన్ని పక్షుల రక్షిత స్థలం చేశాడు. పాల్ క్రోగెల్ అనే పడవలు కట్టే ఆయన కాపలాకి కుదిరాడు, నెలకి ఒక డాలరు. ఈ సంగతి చదివాక నా తొమ్మిది వేల మీద గౌరవం పెరిగింది. 1918లో, యుద్ధకాలంలో, గూడబాతులు మా చేపలు తినేస్తున్నాయని జాలర్లు ఆ దీవి మీద 400కి పైగా పిల్లల్ని కర్రలతో కొట్టి చంపారు. ఆ పక్షులు తినేవి మనుషులు కొని తినే చేపలు కావని పరిశీలించినవాళ్లు చూపించారు. ఆకలి నిజం, నేరం మోపినది తప్పు మనిషి మీద. తప్పు పక్షి మీద అనాలేమో. తక్కెడ తెప్పించేముందు డేగ చెప్పేది విని, నిజమో కాదో చూడాలి. నాన్న చెప్పేది నాకు తెలిసి నిజం. కౌలు కట్టాలి, అప్పు ఉంది, పురుగు ఉంది.

అందుకని ఆయనకి నీతులు చెప్పలేదు. ఒక రాత్రి అన్నం తింటుంటే రెండే అడిగాను. డ్రమ్ము కాలువలో కడగొద్దు, కాలువ వార ఉన్న మూడు సాళ్లకి మందు కొట్టొద్దు.

నాన్న పెరుగన్నం కలుపుకుంటూ విన్నాడు.

“డ్రమ్ము సంగతి సరే. వేపచెట్టు కాడ కడుగుదాం. సాళ్లెందుకు?”

“గాలికి మందు కాలువలో పడుతోంది. కొంగలు తిరుగుతున్నాయి.”

“ఆ మూడు సాళ్లలో ఏం తక్కువ కాయ రాదురా. ఎవరు కడతారు? మీ ఆఫీసోళ్లు కడతారా?”

“నేను కడతా.”

అమ్మ నా వైపు చూసింది. నాన్న నవ్వాడు, వెటకారంగా కాదు. “జీతం వచ్చాక చూద్దాంలే” అన్నాడు. మర్నాటి నుంచి ఆ మూడు సాళ్లు వదిలేశాడు.

ఆ మూడు సాళ్లూ పది రోజుల్లో పూత రాలిపోయి మోడులయ్యాయి. ఇంకో పదిహేను రోజులకి మందు కొట్టిన చేను కూడా అలాగే అయింది. ఆ ఏడాది మా ఊళ్లో కొట్టిన చేనూ పోయింది, కొట్టని చేనూ పోయింది. చాలామంది మొక్కలు పీకేశారు. కల్లంలో పట్టా మీద పరిచిన కాయలు చూస్తే కళ్లంలా కాదు, ఎవరో దారిన పోతూ పారబోసినట్టుంది. నాన్న మాత్రం ఇప్పటికీ అంటాడు, “ఆ మూడు సాళ్ల కాడ నుంచే ఎక్కింది.” కాదని నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అవునని ఒప్పుకోవడానికీ లేదు. ఊళ్లో అందరికీ పోయింది కదా అంటే, “అందరికీ పోయింది, మనకి పది రోజులు ముందు పోయింది” అంటాడు.

ఫిబ్రవరి జీతం ఏప్రిల్లో పడింది. మూడు సాళ్ల కాయ ఎంతో నేనూ నాన్నా కూర్చుని లెక్క వేశాం, అంతకు ముందు ఏడాది దిగుబడి పట్టి, ఆ వారం యార్డు రేటు పట్టి. నా జీతంలో సగానికి కొంచెం ఎక్కువ వచ్చింది. ఇస్తే వద్దంటాడనుకున్నాను. తీసుకుని, తడి చేసుకుని, రెండుసార్లు లెక్కపెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాతి సీజన్‌కి నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికింది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఉప్పలపాడు వెళ్లి గట్టు మీద కాసేపు కూర్చుంటాను. గూడబాతులు వస్తూనే ఉన్నాయి, మామ్మ గేదెని అమ్మేసింది. మా పొలంలో డ్రమ్ము ఇప్పటికీ వేపచెట్టు కిందే కడుగుతున్నారు. మొన్న చూశాను, చెట్టు చుట్టూ నాలుగు గజాల మేర గడ్డి మొలవడం మానేసింది.